సెకనుకి 59.94 అవమానాలు

ఇది నిన్న సాయంత్రం జరిగింది. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, పొద్దున్నే లేచి రాస్తున్నాను. కాస్త చల్లారాక రాస్తే పద్ధతిగా వచ్చేదేమో. కానీ ఈలోపు మా వాళ్లు తలా ఒక రకంగా ఊరంతా చెప్పేస్తారు. నా వెర్షన్ ముందు బయటికి రావాలి.

మేం నలుగురం కంప్యూటర్ పిచ్చివాళ్లం. అందరూ కంప్యూటర్‌తో పని చేస్తారు, మేం కంప్యూటర్‌కి పని చేస్తాం. అంటే ఆదివారం వస్తే విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తాం. ఒకడికి లైట్ల పిచ్చి. వాడి కేబినెట్‌లో ఫ్యాన్లు, ర్యామ్, ఆఖరికి కేబుళ్లు కూడా రంగులు మారుస్తుంటాయి. ఆ రంగుల లైట్లని ఆర్జీబీ అంటారు, అందుకని వాణ్ణీ ఆర్జీబీ అంటాం. రెండోవాడు నెలకోసారి ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పూసి, రెండు డిగ్రీలు తగ్గిందని ఫోన్ చేస్తాడు. ఆ రెండు డిగ్రీలూ బయట కూడా తగ్గాయని వాడికెవరూ చెప్పరు. వాడు పేస్టు. మూడోవాడు జన్మలో ఏదీ కొనడు గానీ, రాబోయే గ్రాఫిక్స్ కార్డుల పుట్టుపూర్వోత్తరాలన్నీ వాడి దగ్గరే ఉంటాయి. వాడు వార్తలు. నాలుగోవాణ్ణి నేను. నన్ను డాక్టర్ అంటారు. ఆ పేరు పెట్టమని నేను అడగలేదు, వద్దనీ అనలేదు.

ఎవరి మిషన్ మొరాయించినా ఫోన్ నాకే. "డిస్‌ప్లే రావట్లేదురా" అంటే, "ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉందా చూడు" అంటాను. ఇంటెల్‌లో ఎఫ్ ఉందంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి గుచ్చి కూర్చుంటే తెల్లారేదాకా నలుపే. "కొత్త డీడీఆర్5 ర్యామ్ వేశాను, తెర వెలగట్లేదు" అని ఏడుస్తుంటే, "కదిలించకు, మొదటిసారి మెమరీ ట్రైనింగ్ చేసుకుంటుంది, కొన్ని నిమిషాలు ఆగు" అంటాను. "స్లోగా ఉంది" అంటే మాత్రం నా ఫేవరెట్ డైలాగ్: "బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేశావా? చెయ్యకపోతే డబ్బా మీద 6000 అని ఉన్న ర్యామ్ కూడా 4800 దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. బయాస్ అప్‌డేట్ చేసినా సెట్టింగులన్నీ పోతాయి, మళ్లీ చూసుకోవాలి." (బయాస్ అంటే మిషన్ ఆన్ చేయగానే మొదట లేచే ప్రోగ్రామ్. ఎక్స్‌ఎంపీ అంటే ర్యామ్‌ని డబ్బా మీది వేగానికి తీసుకెళ్లే సెట్టింగ్.) నాది 6000 ర్యామే. బయాస్ కూడా పోయిన నెలే అప్‌డేట్ చేశాను. చెప్పే అర్హత ఉండాలి కదా మరి.

ఈమధ్య మా గుంపులోకి ఒక కుర్రాడు చేరాడు. ఆర్జీబీ ఆఫీసులోనే పని చేస్తాడు. మనిషి మంచివాడే, వాడి ప్రశ్నలే మంచివి కావు. మొన్న శనివారం అడిగాడు:

"అన్నా, నాది 60 హెర్ట్జ్ మానిటర్. 144కి మారితే నిజంగా తేడా తెలుస్తుందా? లేక ఊరికే అంటారా?"

ఊరికే అంటారా! పాటలో శ్రుతి ఉంటుందా ఊరికే అంటారా అని సంగీతం మాస్టార్ని అడిగినట్టుంది. అరగంట క్లాసు పీకాను. హెర్ట్జ్ అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్కనీ, 60లో ఒక్కో బొమ్మ తెర మీద 16.67 మిల్లీసెకన్లు నిలబడి ఉంటుందనీ, 144లో 6.94కే తప్పుకుంటుందనీ, కంటికి ఆ హాయే వేరనీ చెప్పాను. ఆఖర్న, "ఏడాదిన్నరగా 144 మీద ఉన్నాను తమ్ముడూ, ఇప్పుడెక్కడైనా 60 చూస్తే నాకు తల తిరుగుతుంది" అన్నాను.

ఈ ముక్క నేను చాలామందితో అన్నాను. ఒకసారి బ్యాంకులో కౌంటర్ అవతల ఉన్న మానిటర్ చూసి కణతలు నొక్కుకున్నాను కూడా. ఆ అమ్మాయి మంచినీళ్లు ఇచ్చింది.

"రేపు నీ మానిటర్ మా ఇంటికి పట్టుకురా, పక్కపక్కన పెట్టి చూపిస్తా" అన్నాను. తెచ్చాడు. మిగతావాళ్లూ వచ్చారు. ఎడమ పక్క నా మానిటర్, కుడి పక్క వాడిది, రెండూ నా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాం.

ఇప్పుడు కాస్త నెమ్మదిగా చెప్పాలి.

హెర్ట్జ్ తేడా కనిపెట్టడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మౌస్ పట్టుకుని తెర మధ్యలో బాణాన్ని గిరగిరా తిప్పితే చాలు. ఒక్క బాణం కాస్తా పది బాణాలై, పువ్వు రేకుల్లా విచ్చుకుంటుంది. 60లో రేకులు తక్కువ, మధ్య ఖాళీలు ఎక్కువ. 144లో రేకులు రెట్టింపు దాటి ఒత్తుగా, ముద్దబంతి పువ్వులా ఉంటుంది. ఈ పరీక్ష నేనే వాళ్లకి నేర్పాను. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, అదీ కొలతలు వేసి మరీ.

ముందు కుడి తెర మీద తిప్పాను. "చూశారా, ముక్కలు ముక్కలుగా వెళ్తోంది." చూశామన్నారు. తర్వాత ఎడమ తెర మీద తిప్పాను. ఏమీ అనలేదు. అనకుండా వెనక్కి వాలి, వాళ్ల మొహాల వైపు చూశాను. గొప్ప గాయకుడు రాగం ముగించాక చూసే చూపు అది.

"అబ్బ" అన్నాడు ఆర్జీబీ.

"పట్టులా జారుతోంది" అన్నాడు పేస్టు. పేస్టు తల ఒక పక్కకి వంచి, ఒక కన్ను మూసి మళ్లీ చూశాడు. "కుడి పక్కది బరువుగా ఉందిరా. బాణం ఈడ్చుకుంటూ పోతోంది, దానికి మోకాళ్ల నొప్పులున్నట్టు."

వార్తలు అందరికంటే రెండాకులు ఎక్కువ చదివాడు. "తేడా బాణంలో కాదు. రెండు రేకుల మధ్య ఖాళీ ఎంత శుభ్రంగా ఉందో చూడండి" అన్నాడు. ఖాళీ శుభ్రంగా ఉండటమేమిటో నాకూ అర్థం కాలేదు గానీ, నా మానిటర్ గురించి మంచిగా అంటున్నాడు కాబట్టి గంభీరంగా తల ఊపాను.

కుర్రాడు మాత్రం ముందుకి వంగి, రెండు తెరల్నీ మార్చి మార్చి చూస్తూ, చెమటలు పట్టి, ఆఖరికి "ఆఁ... ఉందన్నా. కొంచెం ఉంది" అన్నాడు పరీక్షలో గెస్ కొట్టినట్టు.

"కొంచెం కాదురా, నీ కళ్లింకా ఎదగాలి" అన్నాను. ఈ వాక్యం రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

సరిగ్గా అప్పుడు మా అక్క కూతురు గదిలోకి వచ్చింది. ఎనిమిదో క్లాసు. ఏదో ప్రాజెక్టు ప్రింట్ తీసుకోవాలట. నా కుర్చీ వెనక నిలబడి కాసేపు చూసింది.

"ఏం చేస్తున్నారు మావయ్యా?"

"తేడా చూస్తున్నాం."

"దేంట్లో?"

రెండింట్లోనూ మళ్లీ తిప్పి చూపించాను. అది వేలు పెట్టి లెక్కపెట్టింది. నిజంగా, తెరకి వేలు ఆనించి, ఒకటీ రెండూ మూడూ అని. ఇంతమంది పెద్ద మనుషుల్లో ఒక్కడికీ రాని ఆలోచన.

"రెండింట్లోనూ రేకులు అన్నే ఉన్నాయి కదా?"

గదిలో కేబినెట్ ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. "నీకు తెలీదులే తల్లీ, ఇది అలవాటు పడ్డ కళ్లకే..." అంటూ ఉండగానే అది నా చేతిలోంచి మౌస్ తీసుకుంది. రైట్ క్లిక్. డిస్‌ప్లే సెట్టింగ్స్. కిందికి, ఇంకా కిందికి. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. స్కూల్లో ప్రొజెక్టర్ తగిలించే డ్యూటీ దీనిదేనట, తర్వాత తెలిసింది.

"మావయ్యా, నీదాంట్లో 59.94 అని ఉంది."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, ఆ పడటం ఎలా ఉంటుందో సెకనుకి 59.94 బొమ్మల చొప్పున చూశాను.

ఇలాంటప్పుడు బుద్ధి ఉన్నవాడు నోరు మూసుకుంటాడు. నేను 1953లోకి పారిపోయాను. "59.94 అంటే ఏంటో తెలుసా?" అని మొదలుపెట్టాను. "అమెరికాలో 1953లో కలర్ టీవీ ప్రమాణం తెచ్చారు. అప్పటికే ఇళ్లలో ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీల్లో కూడా అదే ప్రసారం కనిపించాలి కదా? కొత్తగా వచ్చిన రంగు సిగ్నల్‌కీ, పాత శబ్దం సిగ్నల్‌కీ పడక తెర మీద చుక్కలు కనిపించే ప్రమాదం ఉంది. అందుకని వేగాన్ని ఇంచుమించు వెయ్యో వంతు తగ్గించారు. అలా 60 కాస్తా 59.94 అయింది. ఆ లెక్కే ఇప్పటికీ మన మానిటర్లలో..." ఇందులో ప్రతి అక్షరం నిజం. నా జీవితంలో ఇంత నిజం ఇంత పనికిమాలిన సమయంలో ఎప్పుడూ చెప్పలేదు. అందరూ విన్నారు కూడా. చావు ఇంట్లో పక్కింటాయన పెన్షన్ గురించి చెబుతుంటే వింటారే, అలా.

నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన క్షణంలో మేనకోడలు రెండో మానిటర్ సెలెక్ట్ చేసింది.

"ఈ అన్నయ్యది 60."

ఆ మాట మీద ఎవరూ నవ్వలేదు. ముందు లెక్క వేసుకున్నారు, అదీ నా ఖర్మ. పేస్టే పైకి అన్నాడు: "అంటే డాక్టర్, వీడి తెరే నీ తెర కంటే స్పీడు. సెకనుకి 0.06 ఎక్కువ. దాదాపు పదిహేడు సెకన్లకి ఒక బొమ్మ లాభం."

అప్పుడు నవ్వారు.

"మొన్న గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ పాతది పూర్తిగా తీసేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేశాను, అప్పుడే సెట్టింగ్ పోయి ఉంటుంది" అన్నాను. బలమైన వాదనే. కానీ వార్తలు గాడు, ఏదీ కొనని వెధవ, వెంటనే అందుకున్నాడు: "మొన్నటి నుంచి 60 మీదుంటే మరి నీకు తల తిరగాలి కదరా?"

నిజం ఒప్పుకుంటాను. ఆ మానిటర్ కొన్న రోజున డబ్బా మీద అరచేయంత అక్షరాలతో 144 అని ఉంది. అది చూసి తృప్తి పడి, స్టాండ్ బిగించి, కేబుల్ పెట్టి, "ఆహా" అనుకున్నాను. అంతే. ఆ సెట్టింగ్ పేజీ నేను తెరవనే లేదు. ఏడాదిన్నర పాటు నేను అనుభవించిన హాయి మొత్తం అట్టపెట్టెది.

తప్పు నాదే, కాదనను. కానీ ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కి నోరు లేదా? అడక్కుండా వాతావరణం చెబుతుంది. అడక్కుండా వార్తలు చూపిస్తుంది. నేను ఫైలు సేవ్ చేసుకోక ముందే అర్ధరాత్రి అప్‌డేట్ అంటూ అడక్కుండా రీస్టార్ట్ అవుతుంది. తన బ్రౌజర్ వాడమని కాళ్లావేళ్లా పడుతుంది. ఒక్కసారి, "అయ్యా, నీ మానిటర్ 144 పరిగెత్తగలదు, నేనే 59.94 దగ్గర కట్టేశాను, విప్పమంటావా?" అని అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? పైగా ఆ సెట్టింగ్ దాచిన చోటు చూడండి. అటక మీద పాత ట్రంకు పెట్టె అడుగున దాచినట్టు. ఆ మానిటర్ కంపెనీవాళ్లు తక్కువ తిన్నారా? స్టాండ్‌కి స్క్రూ ఎటు తిప్పాలో బొమ్మలేసి చూపించారు గానీ, ఈ ఒక్క ముక్క రాయడానికి కాగితం సరిపోలేదు.

సరే, మేనకోడలే 144 నొక్కింది. తెర ఒక్క క్షణం నల్లబడి వచ్చింది. ఉంచమంటావా వద్దా అని వెనక్కి లెక్కపెడుతూ ఒక పెట్టె అడిగింది. ఇన్నాళ్లకి నోరు తెరిచి, ఇప్పుడు తొందరపెడుతోంది చూడండి. ఉంచమన్నాం. అది మౌస్ గిరగిరా తిప్పింది.

ముద్దబంతి పువ్వు. నా అరగంట క్లాసులో చెప్పింది చెప్పినట్టు. నేను జీవితంలో మొదటిసారి చూస్తున్నాను, చూస్తూ ఇదంతా నాకు పాతే అన్నట్టు మొహం పెట్టాల్సి వచ్చింది.

"అన్నా, ఇప్పుడు నిజంగా తేడా ఉంది!" అన్నాడు కుర్రాడు. వాడి గొంతులో వెటకారం ఇసుమంత కూడా లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"నాకు ముందు నుంచీ డౌటే" అన్నాడు ఆర్జీబీ. వీడేనా అబ్బ అన్నది! పట్టులా జారుతోందన్నవాడు తన మాట గుర్తు లేనట్టు ఫోన్ చూసుకుంటున్నాడు. శుభ్రమైన ఖాళీల పెద్దమనిషి, మనసుకి అనిపించేదాన్ని కన్ను నమ్మేస్తుందని ఏదో మనస్తత్వశాస్త్రం అందుకున్నాడు. పరువు పోయినప్పుడు ఒక్కడిదే పోతుంది. అప్పటిదాకా భజన చేసినవాళ్లంతా ప్రేక్షకులైపోతారు.

ఇక అయిపోయిందనుకున్నాను. ప్రింటర్‌లో కాగితాలు పెడదామని లేచాను. నేను తిరిగి చూసేసరికి మేనకోడలు నా కుర్చీలో సెటిలై, టాస్క్ మేనేజర్ తెరిచి, మెమరీ మీద నొక్కింది. వెనకాల నలుగురూ వరసగా నిలబడ్డారు.

"మావయ్యా, నీ ర్యామ్ ఎంత అన్నావ్?"

పోయిన నెల బయాస్ అప్‌డేట్ చేశాక మళ్లీ లోపలికి వెళ్లానా లేదా అన్నది అప్పుడు గుర్తొచ్చింది. కేబినెట్ వెనక పవర్ సప్లయ్ దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది. నా చెయ్యి అప్పటికే దాని మీద ఉంది.

రెండు తెరలూ ఒకేసారి ఆరిపోయాయి.

"అరె, కరెంటు పోయింది" అన్నాను.

అందరూ తలెత్తి పైకి చూశారు. ఫ్యాను తిరుగుతోంది.