మా బావమరిది కారులోని రెండవ టర్బోఛార్జర్ గారికి

మహారాజశ్రీ రెండవ టర్బోఛార్జర్ గారి దివ్యసముఖానికి,

నిన్న మధ్యాహ్నమంతా తమరి ప్రతాపం చూడడానికి గ్యారేజీలో ప్లాస్టిక్ కుర్చీకి అతుక్కుపోయి వచ్చినవాడిని కనుక, కుశలప్రశ్నలు వేసే ఓపిక లేదు, మన్నించాలి. "మూడింటికల్లా డైనో ఎక్కిస్తాం సార్, రీడింగు చూస్తే మీరే నమ్మరు" అన్న మెకానిక్ మాటలో రెండవ సగమే నిలబడింది. డైనో అంటే ఇంజను బలాన్ని కొలిచి గీత గీసి చూపే యంత్రం. కారు డైనో ఎక్కేసరికి వీధి దీపాలు వెలిగాయి గాని, వచ్చిన కాగితాన్ని మాత్రం నిజంగానే నమ్మలేకపోయాము. అందులో ఎర్ర గీత తమరు రాకముందుది, నీలి గీత తమరు వేంచేసిన తరువాతది. ఇంజను వేగం అయిదు వేల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటాక నీలి గీత కాస్త పైకి లేచింది, కాదనను. పదిహేను వందల నుంచి మూడు వేల దాకా మాత్రం అది ఎర్ర గీతకు దిగువనే కాళ్ళీడ్చుకుంటూ నడిచింది. అమీర్‌పేట నుంచి మియాపూర్ దాకా మా వాడి కారు బతుకంతా గడిచేది ఆ మూడు వేల లోపలే.

తమరి వంశాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వృథాగా పోయే పొగతో ఒక చక్రం తిప్పి, దానితో ఇంజనులోకి గాలి కూరవచ్చునని స్విస్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లోనే పేటెంటు తీసుకున్నారు. ఇటలీలో రెండు లీటర్లు దాటిన ఇంజనుకు పన్ను వాత గట్టిగా ఉన్న రోజుల్లో, 1981లో, మాసెరాటి వారు బైటర్బో అనే కారు తెచ్చి, వీ6 ఇంజనులో చెరో వైపున్న మూడేసి సిలిండర్లకు చెరొక టర్బో బిగించారు. అది న్యాయమైన పంపకం. మజ్దా ఆర్ఎక్స్-7లో 1.3 లీటర్లకే ఇద్దరున్నారని తమరు అనవచ్చు; అది పిస్టన్ల బదులు గుండ్రంగా తిరిగే రోటర్లున్న రోటరీ ఇంజను, అంకె చిన్నదైనా అది వదిలే వేడి పొగ పెద్ద ఇంజనుతో పోటీపడుతుంది.

మా వాడిది పన్నెండు వందల సీసీ, మూడు సిలిండర్లు. మూడింటిని తమరిద్దరికీ ఎలా పంచాలో ముందుగా సెలవివ్వండి. చెరి ఒకటిన్నరా? మూడు సిలిండర్ల ఇంజనులో 240 డిగ్రీలకొకసారి పేలుడు జరుగుతుంది కనుక, ఒక సిలిండరు పొగ మరొకదాని పొగకు పెద్దగా అడ్డం రాకుండా తన వంతున వచ్చి టర్బైనును, అంటే టర్బోలో పొగ తిప్పే చక్రాన్ని, తోస్తుంది. అంటే ఒక్క టర్బోకు ఇంతకన్నా సౌకర్యమైన కాపురం దొరకదు. ఆ కాపురంలోకి తమరిని వై ఆకారపు గొట్టం ఒకటి వెల్డింగ్ చేసి తీసుకొచ్చారు. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర ఆ ఇంజను బూస్టు లేకుండా, అంటే టర్బో గాలి కూరకుండా, పీల్చగలిగేది నిమిషానికి మహా అయితే పన్నెండు వందల లీటర్ల గాలి. పిండి కొద్దీ రొట్టె. ఉన్న పొగే చెరి సగమైతే ముందునుంచీ ఉన్న మొదటి టర్బో పెద్దాయనకూ తిరగడానికి చాలదు, తమరికీ చాలదు. చక్రం చిన్నదైతే త్వరగా తిరుగుతుందన్న వాదన నేనూ విన్నాను. అయితే చక్రం చిన్నదైనంత మాత్రాన దాని రెక్కకూ గూటికీ మధ్య సందు అదే నిష్పత్తిలో చిన్నది కాదు, ఆ సందులోంచి పొగ పని చేయకుండానే జారిపోతుంది. పైగా బేరింగుల రాపిడి రెండింతలు, పొగ వేడిని దారిలోనే తాగేసే ఇనుము రెండింతలు. పోనీ ఎక్కువ వేగంలో తమరు మిగిల్చేదేమిటి? ఇంజను నాకింగ్‌కు (ఇంధనం అదుపు తప్పి పేలడానికి) లోనుకాకుండా భరించగల పీడనం ఎంతో అంతే, దానిని అందించడానికి పెద్దాయన ఒక్కడే చాలు.

స్వీడన్ సూపర్‌కార్ల కంపెనీ కోనిగ్‌సెగ్ వారు మూడు సిలిండర్లకు రెండు టర్బోలు పెట్టి ఆరు వందల గుర్రాలు తీశారని మెకానిక్ ఫోనులో చూపించాడు. అక్కడ ప్రతి సిలిండరుకూ రెండు ఎగ్జాస్ట్ వాల్వులు, ఒక్కొక్క టర్బోకు ఒక్కొక్కటి. వాల్వులన్నిటినీ ఒకే లెక్కలో తెరిచి మూసే క్యామ్‌షాఫ్టే లేని ఇంజను కనుక తక్కువ వేగంలో ఒక వాల్వును మూసి ఉంచి పొగనంతా ఒకరికే పంపిస్తారు. మాకున్నది వెల్డింగ్ గొట్టం.

మోటారు వాహనాల చట్టం అనుమతి లేని మార్పుకు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అంటోంది. వారంటీ సంగతి అడగనే వద్దు. నాలుగు మీటర్ల లోపు పొడవు, పన్నెండు వందల సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉంటే పన్ను తక్కువని (ఇప్పుడు జీఎస్టీ 18 శాతమే) ఇంజనును కుదించిన మన కంపెనీలు కూడా, అంత లెక్క తెలిసీ, ఒక్క టర్బోతోనే ఆగాయి.

గ్యారేజీ నుంచి తిరిగి వస్తూ మూసాపేట సిగ్నలు దగ్గర మా వాడు సెకండ్ గేరులో యాక్సిలరేటరు నేలకంటా తొక్కాడు. వెనక ఆర్టీసీ బస్సు హారను, పక్క నుంచి ఆటో. నువ్వెక్కడున్నావు? "వస్తుంది బావా, ఇప్పుడొస్తుంది" అంటాడు వాడు, చుట్టమొస్తున్నట్టు. నువ్వు వచ్చేసరికి ముందు బస్టాపు దగ్గర బ్రేకు తొక్కాల్సి వచ్చింది. అప్పుడు నువ్వు వేసిన ఈల మాత్రం బాగుంది, దానికేం తక్కువ లేదు. ఆ ఈల కోసమే మా వాడు నిన్ను వదలడం లేదని నా అనుమానం.

సిలిండర్ల పొగను ఒక్క టర్బోకే చేర్చే పాత గొట్టాల అమరిక, మానిఫోల్డు, డిక్కీలోనే ఉంది. ఈ ఆదివారం నిన్ను విప్పిస్తున్నాను. వాడు బతిమాలినా వినను. ఏ ఆరు సిలిండర్ల ఇంటికైనా పో, అక్కడ నీ వంతుకు మూడు దొరుకుతాయి.

ఇట్లు,
పక్క సీటులో కూర్చున్నవాడు