సైలెన్స్ ప్లీజ్ అని మైకులో అరిచిన పెద్దమనిషి

హైదరాబాద్‌లో పక్షుల మీద ప్రేమ ఫుల్ ట్యాంక్ లెవెల్ దాటిపోయింది. చెరువు నిండే ఆ హద్దులో, అదే ఎఫ్‌టీఎల్‌లో, ఎవరైనా గోడ కడితే చెరువు కబ్జాలు కూల్చే హైడ్రా జేసీబీ వస్తుంది గానీ, ప్రేమ పొంగి రోడ్డు మీదికి వచ్చేస్తుంటే మాత్రం అడిగే నాథుడు లేడు.

పోయిన ఆదివారం నేనొక సామూహిక సైకిల్ యాత్రకు వెళ్లాను. అందరం కలిసి, పొగ లేకుండా, చప్పుడు లేకుండా, సైకిళ్ల మీద వెళ్లి, సందెవేళ పట్నం పక్షులు ఒక చెట్టు మీద చేరడం చూసి రావాలి. అంతే కార్యక్రమం. రుసుము 499 రూపాయలు. దానికి టీషర్టు, అరటిపండు, చివర్లో సర్టిఫికెట్. అవును, పక్షుల్ని చూసినట్టు సర్టిఫికెట్. రేపెవరైనా కాలర్ పట్టుకుని 'నువ్వు గోరింకను చూశావనడానికి రుజువేది' అంటే చూపించుకోవడానికి.

నాలుగింటికి నెక్లెస్ రోడ్డులో కలిశాం. నలభై మందిమి, నలభై సైకిళ్లు, వాటిని వెనకా పైనా కట్టుకుని మోసుకొచ్చిన కార్లు ముప్ఫై ఒకటి. ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటారా, నా కారుకు పార్కింగ్ దొరక్క రెండుసార్లు చుట్టూ తిరిగాను. ఇందులో తప్పేమీ లేదు. ఈ ఊళ్లో సైకిల్ తొక్కాలంటే ముందు కారుండాలి, అది అందరికీ తెలిసిన సంగతే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టి 2023 అక్టోబర్‌లో తెరిచారు కదా, అబద్ధం ఎందుకు, చాలా బాగుంటుంది. కాకపోతే నగరం లోపలి నుంచి అక్కడిదాకా సైకిల్ మీదే ప్రాణాలతో వెళ్లగలిగినవాడికి ఆ ట్రాక్‌తో పనేముంది, వాడు లారీల మధ్య కళ్లు మూసుకుని కూడా తొక్కగలడు.

బయల్దేరాం. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు తప్ప అందరూ మా మీద హారన్ కొట్టారు.

ఇక మా లీడర్ గారి గురించి చెప్పాలి. మనిషి మంచివాడే. ఒంటి మీద టీషర్టు, నడుముకు రెండు నీళ్ల సీసాలు, మెడలో బైనాక్యులర్, చేతిలో మెగాఫోన్. అదే, ఎన్నికలప్పుడు ఆటో మీద కట్టుకుని తిరిగే జాతిదే, ఎరుపూ తెలుపూ గొట్టం, వెనక బటన్ నొక్కితే సైరన్ కూడా మోగుతుంది. పక్షుల దగ్గరికి మెగాఫోన్ ఎందుకని నాకొచ్చిన అనుమానం నలభై మందిలో ఇంకెవరికీ వచ్చినట్టు లేదు. నేనూ అడగలేదు లెండి, 499 కట్టాక మనిషిలో ధైర్యం కొంచెం తగ్గుతుంది.

చెట్టు దగ్గరికి చేరేసరికి అయిదున్నర. ట్యాంక్‌బండ్ దిగి కొంచెం లోపలికి వెళ్తే రోడ్డు పక్కన పెద్ద నిద్రగన్నేరు. కింద మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి. మేం సైకిళ్లు స్టాండు వేస్తుంటే ఆ బండాయన బొగ్గులు ఆర్పకుండానే బండిని తోసుకుంటూ రోడ్డు అవతలికి వెళ్లిపోయాడు. పాపం, మాకు చోటివ్వడానికనుకుని లీడర్ గారు మెగాఫోన్‌లో ఆయనకు థాంక్స్ చెప్పారు. మేం ఆ ఖాళీ అయిన చోటులోనే, సరిగ్గా కొమ్మల కిందే, అర్ధచంద్రాకారంలో నిలబడ్డాం.

వచ్చాయి. ముందు పది, ఆ తర్వాత యాభై, ఆ తర్వాత లెక్క తప్పింది. ముందు కరెంటు తీగల మీద, ఎదురు బిల్డింగ్ మీది ట్యాంకుల మీద దిగాయి. గులాబీ గోరింకలు. తల నలుపు, రెక్కలు నలుపు, మధ్యలో ఒళ్లు రోజ్‌మిల్క్‌లో ముంచి తీసినట్టు. కజకిస్తాన్ వైపు నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి చలికాలానికి మన దగ్గరికి వస్తాయి. వాటి మధ్యలో మామూలు గోరింకలు, పైనుంచి రాళ్లు విసిరినట్టు దూసుకొచ్చే రామచిలుకలు. చెట్టులోకి దిగాక మొదలైంది గోల. వందమంది ఆడవాళ్లు ఒకేసారి చేటల్లో జొన్నలు చెరుగుతున్నట్టు. చోటు కోసం ఆ కొట్లాట. అందరికీ నడిమి కొమ్మలే కావాలి, ఎందుకంటే రాత్రి గుడ్లగూబ వస్తే ముందు పోయేది అంచున కూర్చున్నదే. ఇంకోపక్క నిద్రగన్నేరు తన ఆకుల్ని జత జతగా ముడిచేసుకుంటోంది. ఆకులు మూసుకుంటుంటే లోపల పిట్టలు బయటపడుతున్నాయి. ఇది చూడటానికి నిజంగానే 499 ఇవ్వొచ్చు. ఊరికే కూడా చూడొచ్చు.

అప్పుడు లీడర్ గారు బటన్ నొక్కారు.

"సైలెన్స్ ప్లీజ్! పక్షులు చాలా సెన్సిటివ్!"

చెట్టు చెట్టంతా లేచిపోయింది. నల్లటి దుప్పటి దులిపినట్టు మొత్తం గుంపు ఆకాశంలోకి వెళ్లి, అటు తిరిగి, ఇటు తిరిగి, వంపులు తిరిగింది. నలభై ఫోన్లు పైకి లేచాయి. "వావ్, మర్మరేషన్!" అంది నా పక్కన ఒకామె, పిట్టల గుంపు అలా వంపులు తిరుగుతూ ఎగరడానికి ఇంగ్లీషు పేరు. లీడర్ గారు మెగాఫోన్‌లోనే వివరించారు, ఇది పక్షుల ఆనంద నృత్యమట. అయిదు నిమిషాలకు అవి మళ్లీ మెల్లగా దిగాయి. మళ్లీ చోటు కోసం మొదటి నుంచీ తగాదా. జనం గుసగుసలాడారు. లీడర్ గారికి కోపం వచ్చింది. "సైలెన్స్!" మళ్లీ లేచాయి. మళ్లీ నృత్యం. మూడోసారి దిగుతుంటే వెనకనుంచి ఒకతను, ఒట్టు, "అన్నా, వన్స్ మోర్" అన్నాడు, వాడి వీడియోలో మొదటిది సరిగ్గా రాలేదట. అన్న కాదనలేదు. ఈసారి పొరపాటున సైరన్ బటన్ కూడా నొక్కుకుపోయింది.

భయపడి లేచిన పిట్టలకు పట్టుమని పది క్షణాలు పట్టలేదు, మా నెత్తిన మిగతా పని కూడా కానిచ్చేశాయి. మొక్కజొన్నాయన బండి ఎందుకు జరిపాడో మా నలభై మందికీ ఒకేసారి అర్థమైంది. హెల్మెట్లు మొట్టమొదటిసారి దేనికో పనికొచ్చాయి. టీషర్టు మీద అచ్చువేసిన పక్షి బొమ్మ మీద నిజం పక్షి సంతకం పెట్టింది. సర్టిఫికెట్ల కట్ట కూడా అక్కడే తెరిచి ఉంది, వాటి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మా తాతకు పాలమూరులో జొన్నచేను ఉండేది. ఈ గులాబీ గోరింకల్ని ఆయన దొంగపిట్టలు అనేవాడు. మంచె మీద కూర్చుని వడిసెలతో రాళ్లు విసిరి, పళ్లు నూరి, బూతులు తిట్టి తోలేవాడు. పక్షి ప్రేమికుడు కాదు, పక్కా శత్రువు. కానీ చీకటి పడితే వడిసెల పక్కన పెట్టేసేవాడు, పడుకున్నదాన్ని లేపకూడదనేవాడు. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. మెగాఫోన్ తీసుకెళ్లాడని నేనెక్కడా చదవలేదు.

అక్కడితో ఆపేసి ఇంటికొస్తే ఈ వ్యాసం నవ్వులతో ముగిసేది. గ్రూప్ ఫొటో దగ్గర వచ్చింది తంటా. అందరం మాను చుట్టూ నిలబడ్డాం. నా భుజం పక్కనే బెరడు మీద ఎర్ర పెయింటుతో ఒక నంబరు ఉంది, 47. "ఇదేంటి?" అంది ఆ మర్మరేషన్ అమ్మాయి. "హెరిటేజ్ నంబర్ అయ్యుంటుంది" అన్నారు లీడర్ గారు. అందరూ ఆ నంబరు కనబడేలా జరిగి నిలబడి నవ్వారు.

మొక్కజొన్నాయన పొత్తు తిప్పుతూ అన్నాడు: "హెరిటేజా పాడా సార్, రోడ్డు పెద్దగ చేస్తరంట. నంబరేసిన చెట్లన్ని తీసేస్తరంట."

తీసేస్తారట. దానికి ట్రాన్స్‌లొకేషన్ అని ఒక పేరు పెట్టారు, వినడానికి ఉద్యోగికి బదిలీ ఆర్డర్ ఇచ్చినట్టుంటుంది. కొమ్మలన్నీ నరికి, ఆకన్నది లేకుండా మొండెం చేసి, క్రేన్‌తో లేపి, ఊరవతల గుంతలో నిలబెట్టి, కింద నీళ్లు పోసి ఫొటో దిగడం. చట్టం లేదా అంటే ఉంది, 2002 నాటి వాల్టా, నీళ్లూ నేలా చెట్ల రక్షణ చట్టం, చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. అనుమతి తీసుకుని కొడితే అది కొట్టడం కాదు. సరే, మొండెం బతికిందనే అనుకుందాం. సాయంత్రం ఆరింటికి కజకిస్తాన్ నుంచి వచ్చిన ఆ రెండు వేల పిట్టలు ఏం చేయాలి, మొండేనికి వేలాడాలా? 2025 ఉగాది సెలవుల్లో కంచ గచ్చిబౌలిలో లైట్లేసుకుని రాత్రీ పగలూ మిషన్లు నడిపారు, నాలుగు వందల ఎకరాల్లో వంద ఎకరాల దాకా చెట్లు నేలకూలాక ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపితే గానీ ఆగలేదు. ఆ రాత్రుల్లో నెమళ్లు అరిచిన అరుపు ఫోన్‌లో విన్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. సెలవులు చూసుకుని, కోర్టు తెరిచేలోపు, దొంగల్లాగా. సిగ్గు లేదా అని అడగాలనిపించింది. ఎవరిని అడగాలి? ఆ అడవి పోతుంటే రీల్ చూసి ఏడుపు ఎమోజీ పెట్టి, అక్కడే కట్టబోయేదాంట్లో రేటెంతని కనుక్కునేవాళ్లం మనమే. గోరింక నిద్ర చెడగొట్టి వన్స్ మోర్ అనేది మనమే. పిల్లల చేత చెట్టు కింద ఫొటోలు తీయించి, ఆ చెట్టుకు ఉరి నంబరు వేస్తే దాన్ని హెరిటేజ్ అనుకునేంత చదువుకున్నది కూడా మనమే. లీడర్ చేతిలో ఆ మెగాఫోన్ ఉంది కదా, దాన్ని ఎత్తి ఆ నంబరేసినవాడి ఆఫీసు ముందు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మోగించొచ్చు కదా!

ఈ మాట నేను అన్నాను కూడా. లీడర్ గారు ఓపిగ్గా విని, మన గ్రూపు పాలిటిక్స్‌కు దూరం సార్ అన్నారు.

ఆరుంబావుకి చెట్టు మెల్లగా సద్దుమణిగింది. మధ్యలో ఒకటీ అరా కిచమంటున్నాయి. మొక్కజొన్నాయన మళ్లీ బండిని చెట్టు కిందికి తోసుకొచ్చి, బొగ్గుల మీద విసనకర్ర ఊపుతూ, "ఇగ పడుకున్నయ్ సార్, ఇప్పుడేం కాదు" అన్నాడు. మేం చప్పుడు చేయకుండా సైకిళ్లు తీసుకుని నెక్లెస్ రోడ్డుకు వెళ్లి, కార్లకు కట్టుకుని, రాత్రి తొమ్మిది దాకా ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం.

ఇంటికొచ్చేసరికి గ్రూపులో మెసేజ్. వచ్చే నెల మళ్లీ రైడ్, అదే చెట్టు, అదే టైము, రుసుము 599, ఈసారి టీషర్టు ఆకుపచ్చ. చెట్టు ఉంటుందా అని నేను టైప్ చేసి, చెరిపేసి, డబ్బులు పంపాను. సైజు ఎల్.