మహారాజశ్రీ వి.ఆర్. హెడ్‌సెట్ గారికి విన్నపం

మహారాజశ్రీ వి.ఆర్. హెడ్‌సెట్ గారి సముఖమునకు, నెల్లూరు దర్గామిట్ట నుండి ఒక నర్సు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు మా ఇంట అడుగుపెట్టి ఆరు నెలలైంది. ఈ ఊళ్లో వి.ఆర్. అంటే వెంకటగిరి రాజా, ఆయన పేరిట వెలసిన కళాశాల, దాని ముందున్న సెంటరు, అందువల్ల "వి.ఆర్. వచ్చింది" అని నేను చెప్పగానే మా నాన్న నాకు అక్కడేదో ఉద్యోగం వచ్చిందనుకుని వీధిలో నలుగురికీ చెప్పి వచ్చారు. వచ్చింది వర్చువల్ రియాలిటీ, అంటే లేని లోకాన్ని కళ్ల ముందు నిలిపే, వాయిదాల మీద కొన్న కళ్లగంతల డబ్బా అని తెలిసిన తరువాత మాత్రం ఆ నలుగురి దగ్గరకూ మళ్లీ వెళ్లలేదు.

తమ వంశం నాకు తెలియనిది కాదు. 1968లో ఐవాన్ సదర్లాండ్ తయారుచేసిన తమ పూర్వీకుడు మనిషి మోయలేనంత బరువై ఇంటికప్పు నుండి వేలాడేవాడట. తమరు అర కిలోకు తగ్గి నా మెడ మీదికి దిగారు.

రొట్టెల పండుగనాడు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నేను, విదేశం వెళ్లాలన్న కోరికతో పట్టుకునే విదేశీయాన రొట్టె పట్టుకున్న మాట నిజమే. కానీ జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందాలంటే సాధారణంగా బి2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగే మెట్టు వరకు జర్మన్ భాష రావాలి, ఆ భాగం రొట్టె చూసుకోదు. జర్మన్ క్లాసు వారానికి మూడు రోజులే కనుక, మిగిలిన నాలుగు రోజులు మాట్లాడే సాధనకు తమరిని నమ్ముకున్నాను.

తమ లోకంలో మర్యాదకు లోటు లేదు. జర్మన్‌లో చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకలింగం. నేను మూడింటినీ కలగాపులగం చేసి, పుంలింగపు డేర్ చేర్చవలసిన చెంచాకు స్త్రీలింగపు డీ తగిలించినా తమ హోటలు వెయిటరు నవ్వుతూ చెంచా తెచ్చి పెడతాడు. (ఆడపిల్లను సైతం నపుంసకంలో చెప్పే భాష అది. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది అని ఒకే క్రియతో సరిపెట్టుకునే మనం నవ్వడానికి లేదు.) అతడికి తొందర లేదు, నా వెనుక వరుసలో ఎవరూ లేరు, ఎంతసేపు నీళ్లు నమిలినా విసుక్కోడు. ఇంతటి సహనశీలి మన ట్రంకురోడ్డులో నాకు ఏనాడూ ఎదురుపడలేదు. పైగా నేను తడబడగానే అతడి ఎడమ భుజం పక్కన గాలిలో మూడు వాక్యాలు వెలుగుతాయి, ఒకదానిని వేలితో నొక్కితే చాలు. ఆ విధంగా ఆరు నెలల్లో నేను అనర్గళంగా నొక్కడం నేర్చుకున్నాను.

ఆ పాండిత్యం మొన్న క్లాసులో పెట్టిన మాదిరి పరీక్షలో బయటపడింది. బి2 కన్నా ఒక మెట్టు కిందిదైన బి1 సంభాషణ పరీక్షలో ఇద్దరు అభ్యర్థులు ఎదురెదురుగా కూర్చుని ఏదో ఒక కార్యక్రమం కలిసి నిశ్చయించుకోవాలి. నాకు జత పడిన కావలి అమ్మాయి, నేను ఆదివారం అనగానే, ఆదివారం తనకు కుదరదని దగ్గుతూ చెప్పి నా వైపు చూసింది. నేను ఆమె ఎడమ భుజం పక్కకు చూశాను. అక్కడ గోడ, గోడ మీద బల్లి ఉన్నాయి. నా చూపుడువేలు తనంతట తాను లేచి గాలిలో నొక్కింది; బల్లిని చూపిస్తున్నాననుకుని ఆమె కుర్చీతో సహా ఎగిరిపడింది. మాస్టారు మార్కులు వేయలేదు, మంచినీళ్లు తెప్పించారు.

మనుషుల ముఖం చూసి మాట్లాడాలంటే నాకు భయం. తమరు భయం తీస్తారనుకుంటే ముఖాన్నే తీసేశారు. రేపు వార్డులో నా ముందుండేది కట్టుడుపళ్లు గ్లాసులో పెట్టుకున్న ముసలివారు, వారి మాటలో సగం గాలే. తమ లోకంలో రోగులు సైతం వార్తలు చదివినట్లు మూలుగుతారు. ఇక కదలని కాళ్లతో ట్రాము ఎక్కించి, కన్ను కదిలానని, లోపలి చెవి కదలలేదని తగువులాడుకోగా వచ్చే వాంతి సంగతి ఎత్తను, నర్సుకు అదొక లెక్క కాదు.

నిన్న తమరిని మా అవ్వ తలకు తగిలించాను. వెయిటరు కనబడగానే "ఏందబ్బయా, నిలబడే ఉండావే, అన్నం తిన్నావా?" అని అడిగింది. తమరు వెంటనే మూడు వాక్యాలు వెలిగించారు, అవ్వకు తెలుగు చదవడమే రాదు. అర్థం కాలేదు, క్షమించండి అని వెయిటరు జర్మన్‌లో విన్నవించుకున్నాడు. ఏమంటున్నాడని అవ్వ అడిగితే, క్షమించమంటున్నాడని చెప్పాను. "అయ్యో, తినలా" అని జాలిపడి, అతడి ఊరు, జీతం, పెళ్లి సంగతులు ఒకదాని వెంట ఒకటి అడుగుతూ, బ్యాటరీ అయిపోయేదాకా వదల్లేదు.

తమరిని ఛార్జింగులో పెట్టాను. రాత్రి డ్యూటీకి బయలుదేరుతుంటే అవ్వ వాకిట్లోకి వచ్చి, ఆ అబ్బయ్య అన్నం తిన్నాడో లేదో కనుక్కోమని నాతో గట్టిగా చెప్పింది.

ఇట్లు,
ఇంకా నాలుగు వాయిదాలు కట్టవలసిన
తమ విధేయురాలు