పోర్టు 3000 గారి దివ్యసముఖానికి

అయ్యా,

నెట్‌వర్క్‌తో మాట్లాడే ప్రోగ్రాములకి కంప్యూటర్లో ఉండే నంబరు గుమ్మాలే కదా పోర్టులు. పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని, నేను రాస్తున్న వెబ్‌సైటు సర్వర్‌ని మీ గుమ్మంలో ఆన్ చేస్తాను. మీరు వెంటనే ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అంటారు, సినిమా హాలు ముందు హౌస్‌ఫుల్ బోర్డు పెట్టినట్టు. లోపలికి తొంగిచూస్తే ఒక్క ప్రేక్షకుడూ ఉండడు.

ఒక మెషీన్లో టీసీపీ పోర్టులు 65,535. వాటిలో 1024కి దిగువనున్నవి దొరల బంగళాలు, లినక్సులో మామూలుగా రూట్‌కి, అంటే సర్వాధికారాలున్న యూజరుకి, తప్ప గేటు తీయరు. అవి పోయినా మాలాంటివాళ్లకి 64 వేల పైచిలుకు మిగులుతాయి. అయినా వెబ్‌సైట్లు కట్టే పనిముట్లలో రైల్స్ మీ దగ్గరికే, నెక్స్ట్ జేఎస్ మీ దగ్గరికే, ఎక్స్‌ప్రెస్ నేర్చుకునే పిల్లాడూ మీ దగ్గరికే. జాంగో 8000లో, యాంగ్యులర్ 4200లో తమ మానాన తాము బతకడం లేదా? వీట్ అయితే ఏరికోరి 5173 పెట్టుకుంది. రోమన్ లెక్కలో 5 అంటే వి, మిగతా అంకెల్ని కాస్త కళ్లు చికిలించి చూస్తే ఐ, టీ, ఈ. గుండ్రంగా ఉండటం తప్ప మీ నంబరులో ఏముందండీ?

నిజం చెప్పాలంటే కోపం సగమే మీ మీద. మొన్న మీ ఇంట్లో ఎవరు దాక్కున్నారో అని, ఏ పోర్టులో ఏ ప్రోగ్రాం ఉందో చూపే ఎల్‌సాఫ్ పెట్టి వెతికితే దొరికింది నేనే. ముందురోజు సాయంత్రం ఇంటికెళ్లే తొందరలో కంట్రోల్ సి బదులు కంట్రోల్ జడ్ నొక్కాను. సర్వర్ చావలేదు, నిద్రపోయింది. సీటు మీద కర్చీఫ్ వేసి బస్సు దిగి వెళ్లిపోయినవాడిలా, పోర్టు మాత్రం వదల్లేదు. ఆ ఉక్రోషంలో ఎల్‌సాఫ్ చూపించిన ప్రాసెస్‌లన్నిటికీ, నడిచే ప్రోగ్రాముని బలవంతంగా చంపే కిల్ మైనస్ నైన్ కొట్టాను. వింటున్న సర్వరే కాదు, మీతో కనెక్షన్ పెట్టుకున్న బ్రౌజరు కూడా ఆ జాబితాలో ఉంటుందని అప్పుడే తెలిసింది. ముప్పై ట్యాబులు, సగం నింపిన లీవ్ ఫారంతో సహా, గంగలో కలిశాయి.

మీరు ఖాళీగా లేరని చూసి కొన్ని టూల్స్ పెద్దమనిషి తరహాలో పక్కింటికి, 3001కి, వెళ్లిపోతాయి. ఒక్క లైనులో చెప్పి మరీ. ఆ లైను ఎవడు చదువుతాడు? డెమోకి అరగంట ముందు లాగిన్ ఆగిపోయింది. వెనక నుంచి డేటా ఇచ్చే మా బ్యాకెండుకి తెలిసింది మీరొక్కరే. పోర్టు మారితే బ్రౌజరు లెక్కలో ఆరిజినే, అంటే పేజీ వచ్చిన చిరునామాయే, మారినట్టు, అందుకని ఈ చిరునామాకి అనుమతి లేదనే కోర్స్ (CORS) ఎర్రర్ ఎర్రగా కేకలేసింది. నేనేమో ఎర్రర్లు కనిపించే కన్సోల్ తెరవకుండా అరగంటసేపూ పాస్‌వర్డ్ మారుస్తూ కూర్చున్నాను. (బ్రౌజరు లాగిన్ గుర్తుకి దాచుకునే కుకీలకి మాత్రం పోర్టు పట్టింపు లేదు. రెండు ప్రాజెక్టుల సెషన్లు ఒకదాన్నొకటి ఎలా తుడిచేసుకున్నాయో ఇంకో ఉత్తరంలో రాస్తాను.)

ఇక మీతో పొత్తు వద్దనుకున్నాను. 5000కి వెళ్తే, 2021లో మాంటెరీ వచ్చినప్పటినుంచి మాక్‌లో అక్కడ ఫోన్లోని వీడియోని తెర మీదికి తెచ్చే ఎయిర్‌ప్లే రిసీవర్ కాపురం. 7000లోనూ అదే. మధ్యలో 6000 ఖాళీగా కనిపించింది. సర్వర్ హాయిగా లేచింది కూడా. క్రోమ్ మాత్రం ‘అన్‌సేఫ్ పోర్ట్’ అంటూ గడప దగ్గరే ఆపేసింది. అది ఎప్పటినుంచో యూనిక్స్ తెర మీద కిటికీలు చూపే ఎక్స్11 వారి నంబరట.

మళ్లీ మీ గుమ్మంలోనే నిలబడ్డాను. కాస్త జరగండి.

ఇట్లు,
లోకల్‌హోస్ట్ వాస్తవ్యుడు