గొట్టం సైజు, సెన్సర్ దిశ చూడకుండా బిగించకండి

కారు ఇంజిన్‌కు గాలి అందించే బయటి కంపెనీ ఇన్‌టేక్ కిట్‌ను అరగంటలో, ఒక్క స్క్రూడ్రైవర్‌తో బిగించేయొచ్చని ఒక ఆర్టికల్‌లో రాశారు. గొట్టం ఎక్కడం తేలికే. చిక్కంతా ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ దగ్గరే.

పాత గొట్టం లోపలి వ్యాసం 63 ఎంఎం, కొత్తది 70 అనుకోండి. వైశాల్యం 23 శాతం పెరుగుతుంది, సెన్సర్ తీగ మీదుగా గాలి నెమ్మదిగా పోతుంది. గాలి తక్కువ వస్తోందనుకుని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోలు తగ్గిస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వేగం (ఐడిల్) ఊగడం, గాలికి తగ్గ పెట్రోలు లేదని చెప్పే పీ0171 కోడ్ రావడం అందుకే. కొనేముందే వెర్నియర్‌తో కొలవండి. సెన్సర్ మీది బాణం గుర్తు ఇంజిన్ వైపే ఉండాలి. దాని రబ్బరు ఓ-రింగ్ పాత గొట్టంలో ఉండిపోతుంది, చాలామంది అక్కడే మరిచిపోతారు.

క్లాంపులు ముందే బిగించేయకండి. అన్నీ వదులుగా ఎక్కించి, బానెట్‌కీ బ్యాటరీకీ తగలకుండా గొట్టం తిప్పి చూసుకుని, అప్పుడు బిగించండి. గొట్టాలను కలిపే సిలికాన్ కప్లర్ రెండు వైపులా వాటి మీదికి కనీసం 20 ఎంఎం ఎక్కాలి. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి అంతకు తగ్గితే జారుతుంది. ఇంజిన్ లోపలి ఆవిర్లు తెచ్చే బ్రీదర్ పైపు నోరు ఊరికే వదిలేయొద్దు, సెన్సర్ దాటాకే కలపాలి.

ఇంకొకటి, చెన్నైలో ఉన్నవాళ్లకు గట్టిగా చెబుతున్నాను: ఫిల్టర్ బంపర్ కిందికి దిగే కిట్ వద్దు. వేళచ్చేరి వరద నీళ్లలో ఒక్కసారి అది మునిగితే సిలిండర్లోకి నీరు పోయి, పిస్టన్‌కు ఆధారమైన కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.