హైదరాబాద్ వెదర్ ఫైల్‌తో విశాఖ బిల్డింగ్ లోడ్ లెక్కకట్టకండి

ఏసీ డిజైన్ చేసేవాళ్ల మధ్య వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మన రెండు రాష్ట్రాలూ వేడి ప్రాంతాలే కాబట్టి ఎనర్జీ సిమ్యులేషన్‌కి (బిల్డింగ్ ఎంత కరెంటు తింటుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడానికి) హైదరాబాద్ వెదర్ ఫైల్ (ఆ ఊరి ఏడాది వాతావరణం గంటగంటకీ ఉన్న ఫైల్) పెట్టేస్తే చాలట, లోడ్‌ని, అంటే ఏసీ తీసెయ్యాల్సిన వేడిని, తేల్చేది టెంపరేచర్ ఒక్కటేనట, చిల్లర్ (పెద్ద బిల్డింగ్ ఏసీకి నీళ్లు చల్లబరిచే మెషిన్) సైజు కూడా ఆ ఫైల్‌లోనే చూసుకోవచ్చట, వచ్చిన లెక్క ఎలాగూ కరెంటు బిల్లుతో కలవదు గనక దాని గురించి టెన్షన్ పడక్కర్లేదట. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఇది నిజమేనని నమ్ముతున్నారు. నాకు బాధనిపించింది, అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నా.

ముందు టెంపరేచర్ సంగతి, ఎందుకంటే మిగతా తప్పులు చాలావరకు దీన్నుంచే పుట్టాయి. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో 43 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకోండి. విశాఖలో 34 డిగ్రీలే, తేమ మాత్రం 70 శాతం. బయటి గాలిని లోపలికి తెచ్చి 24 డిగ్రీలకీ 50 శాతం తేమకీ దింపాలి. సముద్రమట్టపు సైక్రోమెట్రిక్ చార్టు (గాలిలోని వేడి, తేమల పటం) తీసి చూడండి: తేమలో దాగిన వేడినీ కలిపి, కిలో పొడిగాలి లెక్కన గదిలో ఉండాల్సింది సుమారు 48 కిలోజౌల్స్, హైదరాబాద్ గాలిలో 71, విశాఖ గాలిలో 95. అంటే తొమ్మిది డిగ్రీలు తక్కువున్న విశాఖ గాలికే రెట్టింపు పని, అందులోనూ నాలుగింట మూడొంతులు ఆ గాలిలోంచి నీళ్లు పిండటానికే పోతుంది. ఏసీ డ్రెయిన్ పైపు కింద పెట్టిన బకెట్ ఎంత త్వరగా నిండుతుందో విశాఖలో కాపురమున్న ఎవర్నడిగినా చెబుతారు. ఈసీబీసీ (బిల్డింగుల్లో కరెంటు పొదుపుకి మన దేశం పెట్టిన కోడ్) కూడా హైదరాబాద్‌ని కాంపోజిట్ (కాలాన్ని బట్టి మారే మిశ్రమ వాతావరణం) జోన్‌లో, విశాఖని వార్మ్ అండ్ హ్యూమిడ్ (వేడి, తేమ) జోన్‌లో పెట్టింది, ఊరికే పెట్టలేదు.

పోనీ తేమ కూడా సరిచేశాం, ఇక మిగతావి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందా? చూసుకోదు. ఫైల్‌లో ఏడాదికి 8760 గంటలకి గంటగంటకీ గాలి వేగం, పీడనం, నేరుగా పడే ఎండ, ఆకాశం నుంచి చెదిరి వచ్చే వెలుగు, అన్నీ ఉంటాయి. అవి ఎలా ఇస్తే అలా మింగేస్తుంది. ఒక ప్రాజెక్టులో మాకు వచ్చిన ఫైల్‌ని శాటిలైట్ డేటాతో తయారుచేశారు, కానీ టైమ్‌ని యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక టైమ్‌లోనే) వదిలేశారు, మన టైమ్‌కి ఐదున్నర గంటలు జరపలేదు. దాంతో ఎండ అంతా పొద్దున్న ఏడింటి దగ్గర గుమిగూడింది, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సున్నా. పడమటి గోడంతా అద్దాలున్న ఆఫీసు అది! రిపోర్టులో ఆ అద్దాలకి సాయంత్రం ఎండే లేదు. రన్ అయింది, ఎర్రర్ రాలేదు, గ్రాఫులు అందంగా వచ్చాయి. మా జూనియర్ అమ్మాయి ఒకరోజు ఎండ కాలమ్‌ని గంటల వారీగా గీసి చూడబట్టి దొరికింది. అప్పటి నుంచి ఏ ఫైల్ వచ్చినా ముందు ఆ గ్రాఫు గీయందే రన్ చేయడం లేదు.

చిల్లర్ సైజు దగ్గరికొద్దాం. మనం వాడే వెదర్ ఫైళ్లు ఎక్కువగా టీఎంవై (టిపికల్ మెటియోరలాజికల్ ఇయర్) ఫైళ్లు. టీఎంవై ఫైల్ అంటే నిజంగా నడిచిన ఒక ఏడాది కాదు. చాలా ఏళ్ల డేటాలోంచి జనవరి ఒక ఏడాదిది, ఫిబ్రవరి ఇంకో ఏడాదిది, ఇలా మామూలుగా గడిచిన నెలల్ని ఏరి కుట్టినది. మరీ మండిపోయిన నెలల్ని ఆ పద్ధతే చాలావరకు పక్కన పెట్టేస్తుంది. 2015 మేలో వడగాలులకి రెండు రాష్ట్రాల్లో సుమారు రెండు వేల మంది పోయారు. 2005కి ముందటి డేటాతో చేసిన ఫైళ్లలో ఆ నెల ఉండే అవకాశమే లేదు, అవి ఇంకా వాడుకలో ఉన్నాయి. సైజింగ్‌కి డిజైన్ డే విలువలు (మెషిన్ తట్టుకోవాల్సిన తీవ్రమైన రోజు లెక్కలు) విడిగా ఉన్నాయి. వాటిలో 0.4 శాతం విలువ అంటే ఏడాదిలో సుమారు 35 గంటలు మాత్రమే దాటే విలువ. డ్రై బల్బ్‌కి (మామూలు థర్మామీటర్ చూపే టెంపరేచర్‌కి) ఒకటి, వెట్ బల్బ్‌కి (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది, తేమని కూడా చెబుతుంది) ఒకటి, రెండూ చూడాలి.

బిల్లుతో కలవదన్న మాట సగం నిజం. టీఎంవైతో రన్ చేసి పోయిన ఏడాది బిల్లు పక్కన పెడితే ఎలా కలుస్తుంది? వాతావరణమే వేరు కదా. టీఎంవై ఉన్నది రెండు డిజైన్లలో ఏది మేలో పోల్చడానికి. బిల్లుతో కలపాలంటే బిల్లు వచ్చిన నెలల అసలు వాతావరణాన్నే పెట్టాలి, మనుషుల రాకపోకలు, ఏసీ టైమింగులు కూడా సరిచేయాలి. ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం) వాళ్ల 'గైడ్‌లైన్ 14' నెలవారీ లెక్కకి పెట్టిన హద్దు మొత్తం మీద తేడాకి 5 శాతం, ఒక్కో నెలలో తేడాల చెదురుకి 15 శాతం. జాగ్రత్తగా చేస్తే అందుకోగలిగిన హద్దే అది.