బుద్ధుడు ఏ పక్కకి పడుకున్నాడు?

(విజయవాడ సత్యనారాయణపురం. ఆదివారం పదకొండు గంటలు, రోళ్ళు పగిలే ఎండ. ఆయన బీసెంట్ రోడ్డు నుంచి తెచ్చిన అట్టపెట్టె విప్పుతున్నాడు. ఆవిడ చేతిలో చీపురుంది, అది గమనించాలి.)

ఆవిడ: మళ్ళీ ఏం మోసుకొచ్చారండీ? ఆవకాయ జాడీలకే చోటు లేక చస్తుంటే.

ఆయన: బుద్ధుడే. దేవుడి గూట్లో పెడదాం, మనశ్శాంతి అంట. చూడగానే నచ్చేశాడు నాకు, తల కింద చెయ్యి పెట్టుకుని ఎంత హాయిగా పడుకున్నాడో చూడు, అంత గొప్పాయనే రెస్ట్ తీసుకుంటే నేను ఆదివారం కాస్త నడుం వాలిస్తే నీకెందుకే అంత మంట?

ఆవిడ: రెస్టా! అది మహాపరినిర్వాణం అండీ బాబూ. 80 ఏళ్ళకి కుశీనగరంలో సాల చెట్ల మధ్య ఆఖరిసారి పడుకోవడం.

ఆయన: (బొమ్మని మళ్ళీ పెట్టెలోకి దించుతూ) పోయేటప్పటిదా... అరిష్టం ఏమన్నానా?

ఆవిడ: అరిష్టం ఏం కాదు, ఇక మళ్ళీ పుట్టుక లేదు అని దానర్థం. అయినా ఆయన పడుకుంది కుడిపక్కకి, మీరెప్పుడూ ఎడమపక్కకే, టీవీ అటుందిగా.

ఆయన: సరే మార్చేస్తా. షాపులో కూర్చున్నది ఇంకోటుంది, కుడిచెయ్యి మోకాలి మీంచి కిందకి వేసి నేల తాకుతా ఉంది. రిమోట్ పడిపోతే తడుముకుంటున్నట్టు.

ఆవిడ: భూస్పర్శ ముద్ర! బోధి చెట్టు కింద కూర్చున్నప్పుడు ధ్యానం చెడగొట్టే మారుడొచ్చి, నీకీ ఆసనం మీద హక్కుందని సాక్షి ఎవరయ్యా అంటే, వేళ్ళతో నేలని తాకి భూమే సాక్షి అన్నాడు, అంతే, మారుడి సైన్యం చెల్లాచెదురు. మిమ్మల్ని కరెంటు బిల్లు కట్టారా అంటే సాక్ష్యానికి మా అన్నయ్యని పిలుస్తారు.

ఆయన: మరి ఆ చెవులేంటి అంత సాగాయి?

ఆవిడ: రాజకుమారుడిగా ఉన్నప్పటి బరువు కుండలాలకి సాగాయంటారు. అన్నీ వదిలేశాడని గుర్తు. నా కమ్మలు కూడా వదిలించారుగా మీరు, తాకట్టు కొట్లో.

ఆయన: (మాట మార్చి) ఇవన్నీ నీకెవరు చెప్పారే?

ఆవిడ: అమరావతి మ్యూజియానికి వెళ్ళినప్పుడు మీరు బయట చెరుకురసం తాగుతున్నారు, నేను లోపల ఆ గైడు చెప్పేది వింటున్నా.

ఆయన: అబ్బో. మరి షోకేసులో నువ్వు పెట్టిన లాఫింగ్ బుద్ధ, ఆ బొజ్జాయనో? ఆయన గౌతమ బుద్ధుడే కాదు, చైనాలో బుదాయ్ అని గోనెసంచీ మోసుకు తిరిగే సన్యాసి, ముందు ముందు రాబోయే బుద్ధుడు మైత్రేయుడు ఆయనే అని వాళ్ళ నమ్మకం. షాపువాడే చెప్పాడు. పదేళ్ళ నుంచి పొట్ట రుద్దుతున్నావ్ డబ్బులొస్తాయని!

ఆవిడ: (కాస్త తగ్గి) డబ్బుకేం కాదు... దుమ్ము తుడుస్తున్నా.

ఆయన: పొట్ట మీదే పడుద్దా దుమ్ము?

ఆవిడ: అసలు ఏ బొమ్మా వద్దండీ. అమరావతి తొలినాటి శిల్పాల్లో బుద్ధుడి రూపమే చెక్కలేదు. బోధి చెట్టు కింద ఖాళీ ఆసనం, కింద పాదాల గుర్తులు. అందరూ దానికే దణ్ణం పెడతా ఉంటారు.

ఆయన: ఖాళీ సీటుకా?

ఆవిడ: ఆ. మీరు పాలప్యాకెట్‌కి వెళ్ళిరండి. సోఫా ఖాళీగా, కింద మీ చెప్పులు... నేనూ ప్రశాంతంగా ఓ దణ్ణం పెట్టుకుంటా.

ఆయన: చెప్పులిక్కడుంటే ఈ ఎండలో పాలకి ఉత్తకాళ్ళతో పోవాల్నా?